నేను నొక్కని బటన్

చిట్టితల్లికి, అమ్మ దీవిస్తూ రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పాపా అలాగే ఉన్నారని తలుస్తాను. పాపకి పై పన్ను కూడా వచ్చిందని రాశావు. చాలా సంతోషం. ఇక వేలు నోటి దగ్గర పెట్టకు, కొరికి పెడుతుంది.

మీ ఆఫీసులో నువ్వు తయారుచేసిన కంప్యూటర్ తెర మా వీధి చివర ఆరోగ్య కేంద్రంలో పెట్టారు. ఇప్పుడు చీటీ కోసం కిటికీ దగ్గర తోసుకోవడాలు లేవు. మన బాధేమిటో చూసి నొక్కితే చాలు, ఏ గదికి వెళ్ళాలో అదే చెబుతోంది. అక్షరాలు ఇంతలేసి పెట్టావు, కళ్ళజోడు లేకపోయినా కనబడుతున్నాయి. మీ నాన్నగారు రోజూ ఏదో వంక పెట్టుకుని అక్కడికి వెళ్ళి, తెలియనివాళ్ళకి నొక్కి చూపించి, మా అమ్మాయే చేసిందని చెప్పి వస్తారు. కాంపౌండరు ఆయన కోసం ఒక కుర్చీ కూడా వేయించాడు.

నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. మీ నాన్నగారు పొద్దునా సాయంత్రం మందు రాస్తూనే వచ్చారు. పాపని చూడటానికి రమ్మంటే ఎందుకు రాలేదనీ, అల్లుడుగారు ఏమైనా అన్నారా అనీ కూడా అడిగావు. అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన బంగారంలాంటి మనిషి. నేను దాచినదానికి ఆయన మాట పడటమేమిటి? ఫోన్లో అయితే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

నా మోకాళ్ళకి ఏమీ లేదమ్మా.

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా నాకు చీర తడుస్తోంది. కిందటిసారి నువ్వొచ్చి ఆఫీసు కబుర్లతో నవ్విస్తుంటే మధ్యలో లేచి వెళ్ళిపోయాను. నాకు కోపమొచ్చిందనుకున్నావు. అది కోపం కాదు. అంత దూరం బస్సులో ఎలా కూర్చోను? అందుకే రాలేదు.

మొదట దాని కోసమే కేంద్రానికి వెళ్ళాను. మీ నాన్నగారు వెంట వచ్చి, నన్ను తెర ముందు నిలబెట్టి, ఏది నొక్కమంటావని అడిగారు. నాకు కావలసిన బటన్ అక్కడుంది. 'మూత్రం ఆపుకోలేకపోవడం' అని, నువ్వు పెట్టిన ఆ పెద్ద అక్షరాల్లోనే ఉంది. వెనక వరసలో పాలాయన, పక్కింటావిడ, వాళ్ళ కోడలు. నా చెయ్యి లేవలేదు. మోకాళ్ళు అనేశాను. మీ నాన్నగారు నొక్కేశారు. లోపల డాక్టరమ్మ తన బల్ల మీది తెరలో అది చూసి మోకాళ్ళే పరీక్ష చేసింది. ఆయన పక్కనే ఉండటంతో అక్కడా నోరు విప్పలేదు. ఇక రోజూ మొగుడి చేత కాళ్ళు పట్టించుకోవడం. ఆయన నేలమీద కూర్చుని శ్రద్ధగా రాస్తుంటే ఎటైనా పారిపోవాలనిపించేది.

నీ ఉత్తరం చూశాక ఒక్కదాన్నే వెళ్ళి నర్సమ్మ చెవిలో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. తలుపు వేసి, కాన్పులైన ఆడవాళ్ళలో చాలామందికి ఉండేదేననీ, వ్యాయామంతో తగ్గుతుందనీ చెప్పి, ఎలా చెయ్యాలో నేర్పింది. కొంచెం గుణం కనిపిస్తోంది. ఆ తెర మీద 'లోపలికొచ్చి చెబుతాను' అని ఇంకో బటన్ పెట్టమ్మా. నాలాంటివాళ్ళు అబద్ధం ఆడకుండా ఉంటారు.

ఇంటికొచ్చి మీ నాన్నగారికి చెప్పేశాను. మందు ట్యూబు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

"నా దగ్గర కూడా సిగ్గేనా?" అన్నారు.

చీర తడిసిన రోజున కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు. ఆ పూట ఇద్దరం సరిగా అన్నం తినలేదు.

మర్నాడు నన్ను బస్టాండుకి తీసుకెళ్ళారు. టిక్కెట్లు కొనేముందు తిన్నగా ఆదివారం మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు దగ్గరికి వెళ్ళారు.

"నాకు మాటిమాటికీ దిగాల్సొస్తుంది బాబూ, దారిలో కాస్త ఆపుతావా?"

చుట్టూ జనం ఆయన్నే చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను వెనకే నిలబడి ఉన్నాను.

ఆదివారం బయల్దేరుతున్నాం.

ఇట్లు,
బట్టలు సర్దుకుంటున్న
మీ అమ్మ