నువ్వు మొదటిసారి పడిపోయిన రోజు

మహారాజశ్రీ అన్నగారి దివ్య సముఖానికి, నీ గుట్టును నాగ్‌పాడా దవాఖానాలో బయటపెట్టిన నేరానికి తమ్ముడు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాడు. పశ్చాత్తాపం మాత్రం రవ్వంత లేదు.

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. నీ బిడ్డ స్వాతి అచ్చం నీలాగే క్లాసులో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోదు. ధ్యాస నిలవడానికి మాత్ర రాయబోతూ డాక్టరమ్మ వదినను అడిగింది: "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా? పరిగెడుతూ స్పృహ తప్పారా?"

"మా ఆయన పోయిండు. అది ఎండదెబ్బ," అంది వదిన. మన చాల్‌లో వరస గదులవాళ్లంతా చెప్పుకునే మాటే అది.

"ఎండ కాదు మేడమ్. అంతకు ఏడాది ముందు గూడ క్రికెట్ ఆడుకుంట పడిండు," అన్నాను.

వదిన నావైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలే శీనూ?"

"ఇంట్ల చెప్పొద్దన్నడు వదినా."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఈ మందు చాలామంది పిల్లల గుండెకు ఏ హానీ చేయదట. మనలాంటి ఇంట్లో మాత్రం ముందు గుండె చూపించుకోవాలట. ఈసీజీ తీస్తుంటే ఒంటినిండా వైర్లతో పడుకుని స్వాతి, "కాకా, నన్ను చార్జింగుకు పెట్టిన్రా?" అంది. నాకు నవ్వు రాలేదు. గుండె డాక్టరు రేపు చూస్తాడు.

వదినకు నేను చెప్పింది సగమే. ఆ రోజు ఫోరస్ రోడ్ వెనక సందులో నువ్వు కూలిపోతే, నాటకమనుకుని, నీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బాక్సింగ్ రెఫరీలా నేల చరుస్తూ లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర నువ్వు కళ్లు తెరిచావు. అందరిచేతా చప్పట్లు కొట్టించింది నేనే.