కుక్కకి ఆల్టరేషన్

కుక్కల ఆశ్రమం నిర్వాహకురాలు గారికి, వీధి చివరి టైలరు నమస్కరించి రాసుకునేది.

మీ దగ్గర్నుంచి నెల రోజుల ట్రయలుకి తెచ్చుకున్న చిన్న కుక్క గురించి. నడుము ఒక జాతిది, చెవులు ఇంకో జాతివి, కాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎవరికో గుడ్డ చాలలేదు. సరే, సర్దుకున్నాను.

కానీ నేను లేస్తే లేస్తుంది, కూర్చుంటే కూర్చుంటుంది. స్నానానికి వెళ్తే తలుపు బయట మూలుగుతుంది. మొన్న ఎదురు కొట్టుకి దారం రీలు కోసం వెళ్ళొస్తే, నేనేదో యుద్ధం నుంచి తిరిగొచ్చినట్టు మీద పడింది. దయచేసి ఇది సరిచేసి ఇవ్వగలరు.

ఇట్లు,
టైలరు

తా.క.: ఎక్కడ పడుకోవాలో దానికి మీరు నేర్పలేదా? నా మంచం మీద నాకు చోటు చాలడం లేదు.

* * *

టైలరు గారికి నమస్కారాలు.

అది లోపం కాదండీ, స్వభావం. మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఒంటరిగా వదిలితే బెంగపడుతుంది. బొచ్చు రోజూ దువ్వండి, లేకపోతే ఉండలు కట్టేస్తుంది. కళ్ళ కింద తడిగుడ్డతో తుడవండి. తిండి మితంగా పెట్టండి. ఇలాంటి పొట్టివాటికి ఒళ్ళొస్తే ముందు నడుము దెబ్బతింటుంది.

ఇబ్బందైతే మొహమాటపడకండి, వెనక్కి తీసుకుంటాం.

ఇట్లు,
నిర్వాహకురాలు

తా.క.: చలికి కోటు తొడగొచ్చు. మీరు టైలరు కాబట్టి చెప్తున్నాను, బలవంతమేం లేదు.

* * *

అమ్మా, నమస్కారం.

దువ్వాను. ఊడిన బొచ్చుతో దిండు కుట్టొచ్చు. నడుము సంగతి రాశారు కదా అని రోజూ టేపు పెట్టి చూస్తున్నాను. కస్టమర్లని చూసి అది కూడా టేపు తియ్యగానే ముందుకాళ్ళు పైకెత్తుతోంది. నవ్వే కస్టమర్లు ఎక్కువై పని సాగడం లేదు.

ఇస్త్రీ అతను సందు మలుపు తిరగకముందే అరుపు మొదలు. అంత ఒంటికి అంత గొంతు అక్కర్లేదు, కొంచెం తగ్గించాలి. కోటు కుట్టాను. నాలుగు చేతుల కోటు కుట్టడం ఇదే మొదలు. పొట్ట దగ్గర బిగుతైంది. నా కొలత తప్పు కాదు, మధ్యలో అది తిన్నది.

ఇట్లు,
టైలరు

తా.క.: అంత తిండి ఎవరు పెట్టారని అడగొద్దు. బొత్తం అని పిలుస్తున్నాను, అంతమాత్రాన పేరు పెట్టాననుకోవద్దు.

* * *

టైలరు గారికి,

మీ రెండు ఉత్తరాల్లోనూ ఒక్క మంచిమాట కనిపించలేదు. మీకు పడలేదని అర్థమైంది, క్షమించండి. దాని ఫొటో చూసి ముచ్చటపడ్డ కుటుంబం ఒకటుంది. సోమవారం వ్యాను పంపుతున్నాను. మా డ్రైవరు చేతికిచ్చి పంపండి.

ఇట్లు,
నిర్వాహకురాలు

తా.క.: మీరు వాడిన పాత చొక్కా ఒకటి కూడా ఇవ్వండి. ఆ వాసన ఉంటే కొత్తచోట నిద్రపోతుంది.

* * *

అమ్మాయీ,

మీ వ్యాను వచ్చింది, వెళ్ళింది. ఈ గొడవలో డ్రైవరు ప్యాంటు చిరిగితే రఫ్ఫు చేసి పంపాను. అంతకుమించి ఏమీ పంపలేదు.

ఇన్నేళ్ళు బట్టలు కుట్టి నేను తెలుసుకున్నది ఒక్కటే. నచ్చనివాడు నోరెత్తడు. బాగుందని చెప్పి వెళ్ళి, మళ్ళీ ఈ వైపు తొంగిచూడడు. భుజం లూజు, కాలరు బిగుతు అంటూ నా ప్రాణం తీసేవాడే ఆ చొక్కా చిరిగేదాకా తొడుక్కుంటాడు. ఆల్టరేషన్ అడిగితే వెనక్కిచ్చేసినట్టా?

మీ ఉత్తరం చూశాక ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టాను. మా ఆవిడ పోయాక నేను లేచి పక్కగదిలోకి వెళ్తే, ఎక్కడికని తలెత్తి చూసే ప్రాణి లేదమ్మా. ఇప్పుడొకటి ఉంది. దాన్ని నేనివ్వను.

ఇట్లు,
టైలరు, బొత్తం

తా.క.: గొంతు గురించి నా ఫిర్యాదు అలాగే ఉంది. కుక్క తన ప్యాంటు చింపిందని మీ డ్రైవరు చెప్తే నమ్మకండి. పాపం, అది కోటు తొడుక్కుని బుద్ధిగా వ్యానులో కూర్చుంది. అతను ఎక్కబోతుంటే వెనకనుంచి కాలు పట్టుకుని వేలాడింది నేను.