ఎక్కి దిగిన బండి

కార్వాన్,
సోమవారం

పూజ్యులైన బావగారికి,

చింతపండు గోదాంలో బస్తా మీద కూర్చుని మీ బామ్మర్ది నిఖిలేష్ పెడుతున్న దండాలు.

ఫోన్ ఉండగా ఈ కాగితమేంది అనుకోకండి. నా ఫోన్ ఆశ్రిత చూస్తది. పెండ్లాం చూసింది అమ్మకు తెలుస్తది. అమ్మకు తెలిసింది పొద్దుగూకేలోపల ఫ్యామిలీ గ్రూపులో పువ్వుల బొమ్మలతో సహా వచ్చేస్తది. అందుకే మన సరుకు ఆటో నడిపే భిక్షపతి చేతికిచ్చి పంపుతున్న. ఎట్లాగూ రోజూ మీ సంతోష్‌నగర్ దుకాణాలకు వస్తడు గదా.

సంగతేందంటే, నేను స్పోర్ట్ బండి కొనాలనుకుంటున్న. నా క్రూయిజర్ మీకు తెలిసిందే. కాళ్లు ముందుకు చాపి, వీపు వెనక్కి వాల్చి, దివాన్ మీద కూర్చున్నట్టు నడుపుకునే బండి. పెళ్లయినప్పటి నుంచి దాన్ని తప్ప వేరేది ముట్టలేదు. కానీ మొన్న ఫలక్‌నుమా బ్రిడ్జి మీద ఒక పోరడు, ముందుకు వంగి నడిపే బండి మీద పక్కకొచ్చి, "అంకుల్, జర సైడ్ ఇవ్వు" అన్నడు. అంకుల్ అన్నందుకు బాధ లేదు బావా. జాలిపడి అన్నడు. ఆ జాలి నాలుగు రోజుల నుంచి నన్ను నిద్రపోనిస్తలేదు. ఒక్కసారి, ఒక్క రోడ్డు మీద, నేను ఇంకొకణ్ణి సైడ్ అడగాలె. అంతకంటే కోరిక లేదు.

మీకు ఆఫీసులో వీడియోలు చూసే తీరిక ఉంటది. క్రూయిజర్ నుంచి వచ్చేవాడు మొదట ఏ స్పోర్ట్ బండి తీసుకోవాలో చూసి చెప్పండి.

మీ మాట జవదాటని,
నిఖిలేష్

తా.క.: అక్కకు చెప్పకండి. అక్కకు చెప్పేదుంటే గ్రూపులో నేనే పెట్టుకునేవాణ్ణి.


సంతోష్‌నగర్,
బుధవారం

ప్రియమైన బామ్మర్ది నిఖిలేష్‌కు,

మీ ఇందిరజ అక్కను ఇన్నేళ్లుగా ఓపికతో ఏలుకుంటున్న బావ వేణుగోపాల్ దీవెనలు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించిన. పక్క సీటు రామ్‌చందర్ మంచినీళ్లు తెచ్చిచ్చిండు. చింతపండు వ్యాపారికి స్పోర్ట్ బండి! అయినా తప్పేం లేదు, తప్పకుండా కొను.

చూసినంతలో చెప్తున్న, విను. మొదటి స్పోర్ట్ బండి కొత్తది కొనొద్దు. నువ్వు దాన్ని పడేస్తవు. పడేయకపోతే మీ గల్లీ దున్నపోతు పడేస్తది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌ది, చిన్న ఇంజిన్‌ది చూసుకో. కొనే ముందు ఎక్కి కూర్చో. పొట్ట ట్యాంకుకు ఆనితే అది నీ బండి కాదు. ఆ లోపల గోదాంలో బస్తా మీద బోర్లా వంగి, చేతులు ముందుకు పెట్టి సాధన చెయ్యి. మణికట్లకు అలవాటు కావాలె.

ఇక పాత బండి గురించి ఫికర్ చెయ్యకు. మామగారు పెట్టిన ఆనవాయితీ ఉన్నది గదా. బండి బయటివాళ్లకు అమ్మితే ఇంటి లక్ష్మి దాని వెనక సీటు మీదెక్కి పోతదట. అందుకని ఎక్కి దిగిన బండి ఆడపిల్ల ఇంటికే పోవాలె. అల్లుడు కొత్త బట్టలు కట్టుకుని భోజనానికొచ్చి, పెండ్లాన్ని వెనక కూర్చోబెట్టుకుని దాని మీదనే ఇంటికి పోవాలె. అల్లుడు వద్దంటే ఆ ఇంటికే అవమానం. మామగారి స్కూటర్ అట్లనే తెచ్చుకున్న. పక్కకు పండుకోబెడితే తప్ప స్టార్ట్ అయ్యేది కాదు. నీ కాలేజీ మోపెడ్ తెచ్చుకున్న. మీ అక్క ఎక్కితే దానికి ఆయాసమొచ్చేది. ఎన్నడన్నా నోరు తెరిచిన్నా?

నీ మేలు తప్ప వేరేది కోరని,
వేణుగోపాల్

తా.క.: నీ క్రూయిజర్ వెనక సీటుకు వీపు ఆనించుకునే కమ్మీ ఉంటది చూడు, అది అసలు స్టీలా, ఉట్టి పూతనా? ఊరికే అడుగుతున్న.


కార్వాన్,
శనివారం

బావగారికి,

మీ మాట విని చెడిపోయిన బామ్మర్ది నమస్కారాలు.

జహనుమాలో అనురాగ్ అని ఒక పిల్లవాడు తన ఎర్ర స్పోర్ట్ బండి అమ్ముతున్నడంటే పోయి చూసిన. నా బండిలో సగం బరువు లేదు, ధర మాత్రం రెండింతలు చెప్పిండు. తూకం తగ్గించి రేటు పెంచేది మా బజార్లోనే అనుకున్న. వెనక సీటైతే పూజలో పీటంత ఉన్నది. అయినా మనసు దాని మీదనే పడ్డది.

అసలు లొల్లి వేరే. మీరన్నట్టు గోదాంలో బస్తా మీద బోర్లా వంగి, రెండు చేతులు చాచి, గేర్లు మారుస్తూ నోటితో ఇంజిన్ చప్పుడు చేస్తున్న. వెనక నుంచి అమ్మ వచ్చింది. కొడుకు బస్తా మీద మెలికలు తిరుగుతూ మూలుగుతున్నడని ఆమె గుండె ఆగినంత పనైంది. "బిడ్డా, ఎక్కడ నొప్పి" అని ఏడ్చింది. బండి నడుపుతున్న అని చెప్పే ధైర్యం నాకేది? కడుపులో అన్న.

ఇక చూడండి. వాము నీళ్లు తాగించిండ్రు, దిష్టి తీసిండ్రు. ఆశ్రిత స్కానింగ్ అంటున్నది. కడుపునొప్పి తగ్గేదాకా నాకు జొన్న గటక తప్ప ఏదీ పెట్టనని అమ్మ లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కుకున్నది. మొక్కు ఆమెది, గటక నాది.

ఆకలితో,
నిఖిలేష్

తా.క.: కమ్మీ అసలు స్టీలే. ఎందుకు?


సంతోష్‌నగర్,
మంగళవారం

గటక తాగి పొట్ట తగ్గిన చిరంజీవికి,

నిన్న మీ ఇంటికొచ్చి నేను చేసిన మేలు నీ జన్మలో తీర్చుకోలేవు.

రోగిని చూడ్డానికి బత్తాయిలు పట్టుకుని వస్తే, నువ్వు మంచం మీద గోడవైపు తిరిగి నవ్వుతున్నవు. మీ అమ్మ అనుకున్నది నొప్పితో భుజాలు కదులుతున్నయని. అప్పుడే నాకు ఉపాయం తట్టింది. అత్తయ్యను పక్కకు పిలిచి, ఇదంతా క్రూయిజర్ వల్లనే అన్న. ఏండ్ల తరబడి వెనక్కి వాలి కూర్చుంటే పేగులు ముడి పడుతయని, ముందుకు వంగి కూర్చునే బండి నడిపితే అవే విచ్చుకుంటయని, నడుముకు కూడా మందేనని చెప్పిన. ఆఫీసులో ఫైలు మీద సంతకం పెట్టించుకున్నంత గంభీరంగా చెప్పిన. చాయ్ చల్లారకముందే మీ అమ్మ రుక్మిణమ్మగారు "ఎంతైనా పరవాలేదు, వంగే బండి కొనియ్యండి" అన్నది.

నువ్వు ఇన్నిరోజులు దాచుకున్న సంగతి ఇప్పుడు డాక్టరు చీటీ లేని మందైంది.

ఎప్పటికీ నీ వైపే ఉండే,
వేణుగోపాల్

తా.క.: క్రూయిజర్‌కు ఆయిల్ మార్పించు. ఇంటినుంచి పోయే వస్తువు కళకళలాడుతూ పోవాలె.


సంతోష్‌నగర్,
శనివారం

ఎర్ర గుర్రం ఎక్కిన నిఖిలేష్‌కు,

మీ ఇంటి అల్లుడు పొంగిపోయి రాస్తున్నది.

ఎర్ర బండి ఇంటికి వచ్చిందని, నిన్న పొద్దున పూజ కూడా అయిందని భిక్షపతి చెప్పిండు. ఎట్ల నడుస్తున్నదో రాయనేలేదు. గాలిలో తేలుతున్నవేమో.

రేపు ఆదివారం మంచిది. మీ అక్క పట్టుచీర తీసింది, నేను కొత్త చొక్కా కుట్టించిన. ఈ నడుమునొప్పితో ఇన్నేళ్లు మోపెడ్ మీద ఎగిరెగిరి పడ్డ. ఇక మిగిలిన సర్వీసంతా కాళ్లు చాపి పోత. భిక్షపతితో మెత్తటి సీటు కవరు, తోలు సంచులు రెండు పంపుతున్న. మేమొచ్చేసరికి బిగించి ఉంచు.

కాబోయే క్రూయిజర్ యజమాని,
వేణుగోపాల్

తా.క.: ఇప్పుడు చెప్పొచ్చు. నీ మీద నవ్విన నవ్వులన్నీ ప్రేమతోనే.


కార్వాన్,
శనివారం సాయంత్రం

మా ఇంటి గౌరవాన్ని ఏనాడూ కాదనని బావగారికి,

సీటు కవరు, సంచులు అందినయి. కమ్మీ సంగతి ఎందుకడిగిండ్రో అవి చూసినంక అర్థమైంది.

నిన్న శుక్రవారం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ట్యాంకు మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, మొదటి ప్రయాణం అమ్మతో లాల్‌దర్వాజా గుడికని బయలుదేరిన. అమ్మ వెనక సీటు చూసి, "గిది ఎవరి కోసం పెట్టిండ్రు బిడ్డా, పిచ్చుక కోసమా" అన్నది. ఎక్కనని భిక్షపతి ఆటోలో చింతపండు బస్తాల మధ్య కూర్చున్నది.

నేను వంగిన. ట్యాంకు మీది స్వస్తిక్ మొత్తం నా పొట్టకంటింది. గటక పనిచేయలేదు. పురానాపూల్ దాటేసరికి మణికట్లు పోయినయి, హుస్సేనీ ఆలంలో మెడ పట్టుకున్నది. శాలిబండ ట్రాఫిక్‌లో మొదటి గేరు దాటనే లేదు. ఇంజిన్ వేడికి తొడలు ఉడికిపోయినయి. అమ్మ ఆటో నన్ను దాటుకుంటూ పోయింది. పోతూ చెయ్యి కూడా ఊపింది. సైడ్ అడుగుదామంటే నా ముందున్నోళ్లకు జరగడానికే జాగా లేదు. అప్పుడు వెనకనుంచి స్కూటీ మీద ఒక అమ్మాయి హారన్ కొట్టింది. వంగిపోయిన నా వీపు చూసి, "తాతా, జర సైడ్" అన్నది.

అంకుల్ నుంచి తాత కావడానికి నాకు పట్టింది నెల కూడా కాదు బావా. గుడి ముందు దిగలేక, ఇద్దరు పట్టుకుంటే దిగిన. అమ్మవారి ముందే అమ్మకు అంతా చెప్పేసిన. బస్తా, ఇంజిన్ చప్పుడు, కడుపునొప్పి, అన్నీ. కొడతది అనుకున్న. ఆమె చాలాసేపు నవ్వి, కొంగుతో నా పొట్టమీది కుంకుమ తుడిచింది.

ఎర్ర బండి తిరిగి అమ్మేద్దామన్న. లక్ష్మి పోతదని ఒప్పుకోలేదు. తర్వాత ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్న: "అల్లుడికి ఎప్పుడూ నడుమునొప్పే గదా. వంగి కూర్చుంటే మందు అని ఆయననే చెప్పె. మనం ఎక్కి దిగిన బండి ఇదే. ఆయనకే ఇద్దాం."

మరి ఆనవాయితీ గొప్పది. అల్లుడు వద్దంటే ఇంటికి అవమానమని మీరే గుర్తుచేసిండ్రు. రేపు పన్నెండింటికి భోజనం. అక్క పట్టుచీరలోనే రావాలె. ఆ పీట మీద ఎట్ల కూర్చుంటదో చూడ్డానికి గల్లీ అంతా వస్తున్నది.

నేను ఇందాక పాత బండి మీద కాళ్లు చాపుకుని చాయ్‌కి పోయొచ్చిన. నన్నెవరూ ఏమీ అనలేదు. ప్రాణం హాయిగా ఉన్నది.

ప్రేమతోనే నవ్వుతున్న,
నిఖిలేష్

తా.క.: మీ సీటు కవరు, తోలు సంచులు నా క్రూయిజర్‌కు కొలత తీసినట్టు సరిపోయినయి. థాంక్స్ బావా. సాధన కోసం భిక్షపతితో ఒక చింతపండు బస్తా పంపుతున్న, బోర్లా వంగండి.