వదిన గుండెల మీద పాప

ప్రియమైన సొసాయాకి,

ఇక్కడ నేను, పాప, మీ అక్క, ముగ్గురం కుశలం. ఆక్లాండ్ చలిలో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కోత మానిపోయింది. పాలు ఆలస్యంగా పడ్డాయి, ఇప్పుడు పాప బాగానే తాగుతోంది. పేరు మీ అక్కే పెట్టింది. మన ఆచారంలో పాప తండ్రికి అక్క కాబట్టి ఆ హక్కు ఆమెదే, కాదనను. మీ అమ్మమ్మ పేరే, లుపె. పెట్టేముందు నా మొహం వంక ఒక్కసారి చూసి ఉంటే ఇంకా బాగుండేది.

ఎవరి పోలిక అన్నావు. నాకేం తెలుసు? దాన్ని అందరికంటే ఆఖరున చూసింది నేనే. బిడ్డ అడ్డం తిరిగిందని నాకు మత్తిచ్చి కడుపు కోశారు. కళ్లు తెరిచేసరికి, వెచ్చదనం కావాలంటూ మీ అక్క గుండీలు విప్పి పాపను గుండెలకి అదుముకుని కూర్చుంది. నర్సులంతా ఆమెనే మెచ్చుకుంటున్నారు. నొప్పులు నాకు, మెప్పులు ఆమెకు. ఇప్పటికీ నా దగ్గర గుక్కపట్టి ఏడ్చే పిల్ల ఆమె ఎత్తుకోగానే ఊరుకుంటుంది. చేమాకులో కొబ్బరిపాలు పోసి ఆమె వండే కూర కూడా నాకంటే రుచిగా ఉంటుంది. అదో మంట.

పిల్లలు లేని మేనత్త తమ్ముడి బిడ్డను పెంచుకుంటానంటే మన ఇళ్లలో కాదనేవాళ్లు లేరు. నువ్వూ కాదనలేవు. ఆ మాట ఎప్పుడు అడుగుతుందోనని రోజూ హడలిపోయాను.

సొసాయా, పైన అబద్ధం రాశాను. కోత మానలేదు. చీము పట్టింది. ఒళ్లు కాలిపోతున్నా ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో చేరితే పాప మీ అక్క పక్కలో పడుకుంటుంది కదా, అందుకు. అసూయే, ఇంకో పేరు పెట్టను.

వాసన పసిగట్టింది మీ అక్కే. కట్టు విప్పి చూసి తిట్టిన తిట్లు చర్చిదాకా వినిపించి ఉంటాయి. ఆ పూటే పడవెక్కించి పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఈ ఉత్తరం ఇక్కడి మంచం మీద నుంచే రాస్తున్నాను. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేదాన్ని కాదని డాక్టరు అన్నాడు. ఇప్పుడు జ్వరం తగ్గింది, కంగారుపడకు. పాపను ఇంటికి పంపేయమని నర్సు అంటే మీ అక్క ఒప్పుకోలేదు. దాన్ని నా పక్కలో పడుకోబెట్టి, తను నేల మీద చాప పరుచుకుంది.

నిన్న తెగించి అడిగేశాను, లుపెను పెంచుకుంటానంటావా వదినా అని.

ఆమె పాప కాళ్లు నిమిరింది. "అడగాలనే వచ్చానే. ఆ పుండు ఎందుకు దాచావో అర్థమయ్యాక నోరు రాలేదు" అంది. మళ్లీ తనే, "నిన్ను చూస్తే నాకెంత కుళ్లో నీకేం తెలుసు. కోయించుకోడానికైనా నా కడుపు పండలేదు" అంది.

ఇంతలో పాప ఏడుపందుకుంది. దాన్ని తీసి ఆమె చేతుల్లో పెట్టాను. పెట్టగానే ఊరుకుంది, పాడు పిల్ల. నాకు మళ్లీ ఒళ్లు మండింది. అయినా దానికి ఆకలేసేదాకా వెనక్కి అడగలేదు.

ఇట్లు,
లుపెను కన్నతల్లి, నీ భార్య
ఆకెనెసి