చీపురు ఊడ్చిన మేఘాలు

మార్చి 13, గురువారం
ఆఫీసు క్యాంటీన్

బాబాయికి,

నీ అన్న కూతురు నమస్కారాలతో రాసేది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ పిన్నీ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. పద్ధతి కాబట్టి ఇలా మొదలుపెట్టాను గానీ, బాగున్నానన్నది అబద్ధం. వారం రోజులుగా కంచం ముందు కూర్చుంటే లేచిపోవాలనిపిస్తోంది. ఎవరిని తిట్టుకుంటున్నావో ఏమో, ముందు నాలుగు ముద్దలు తిను, తిట్టడానికైనా ఓపిక కావాలి కదా అని అమ్మ సణుగుతోంది. ఫోన్ చేద్దామంటే నీకు సగం వినపడదు, వినపడ్డ సగానికీ పిన్ని వేరే అర్థం చెబుతుంది. అందుకే ఉత్తరం. రేపు కొరియర్‌లో వేస్తే శనివారానికి నీ చేతికి వస్తుంది. సోమవారంలోగా నువ్వు ఇది చదవాలి.

నీకు తెలిసిన సంగతులే అయినా పూర్తిగా రాస్తున్నాను. నా ఉత్తరాలు నీకంటే ముందు పిన్నే చించి చదువుతుంది కనుక, తనకూ అర్థం కావాలి. పిన్నీ, మేం ఇంకా కడుతున్న యంత్రం గాలి కొట్టిన సైకిల్ ట్యూబు ఆకారంలో ఉండే ఒక పెద్ద ఉక్కు గది. దానిలో సూర్యుడి నడిబొడ్డుకన్నా వేడిగా ఉండే వాయువును, గోడలకు తగలనీయకుండా, అయస్కాంతాలతో పట్టి ఉంచుతాం. పొయ్యి అన్నాక కట్టెలు వెయ్యాలి కదా. మా కట్టెలు గడ్డకట్టించిన హైడ్రోజన్ గింజలు, ఒక్కోటి మిరియమంత. గొట్టంలోంచి తుపాకీ గుండులా లోపలికి కొడతాం. వేడి తగలగానే గింజ కరిగి చిన్న మేఘమవుతుంది. ఆ మేఘం ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడమే బాబాయి చేసిన ఉద్యోగం, ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం.

ట్యూబు లోపలి అంచు దగ్గర అయస్కాంతం బలంగానూ బయటి అంచు దగ్గర బలహీనంగానూ ఉంటుంది. అందువల్ల మేఘాన్ని ఎప్పుడూ బయటి అంచు వైపే తోస్తుంది. లోపలి అంచు నుంచి గింజను కొడితే ఆ తోపు మేఘాన్ని నడిమధ్యకు చేరుస్తుంది. బయటి అంచు నుంచి కొడితే వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. ఎంత గట్టిగా నెడుతుందన్నదే తగువు. ఆ తోపు పెద్దదేం కాదు, బయటినుంచి కొట్టినా మేఘం నిలదొక్కుకుంటుంది అని, దీనికి ముందున్న పాత యంత్రం నాడే బాబాయి లెక్క తేల్చింది. లోపలి అంచుకు గొట్టం వెయ్యాలంటే గోడ వెనకనుంచి వంకరలు తిప్పుకుంటూ తేవాలి, బోలెడు చాకిరీ. బయటినుంచైతే తిన్నని గొట్టం, ఒక్క రంధ్రం. బాబాయి లెక్కను నమ్మే బయటి గొట్టం ఒక్కటే పెట్టారు. డ్రాయింగుల్లో ఆ గొట్టానికి మన ఇంటిపేరే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అది ఫోటో తీసి అమ్మకు చూపిస్తే, అమ్మ పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించింది.

ఇక అసలు సంగతి. మా కంప్యూటర్ గదిలో చీపురు అని ఒకటుందని నీకు తెలుసు. పిన్నీ, అదొక చిన్న ప్రోగ్రాము. మేం రాత్రికి వందల లెక్కలు పెట్టి ఇంటికి పోతాం. వాటినే రన్‌లు అంటాం. మధ్యలో ఆగిపోయిన రన్‌లను చీపురు తెల్లారేసరికి ఊడ్చేస్తుంది. పొద్దున మాకు కనిపించేవి చివరిదాకా నడిచిన రన్‌లే. వాటి సగటే రిపోర్టులోకి పోతుంది. చెడ్డ రన్‌ల జోలికి పోకు, వాటిని చీపురు చూసుకుంటుంది అని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పారు. ఎవరిల్లు ఊడ్చినా దుమ్మెంత వచ్చిందని లెక్కపెట్టరు కదా, నేనూ అడగలేదు.

పోయిన వారం డిస్కులు మారుస్తూ కంప్యూటర్ గది ఆయన చీపురును ఆపేశాడు. మళ్లీ పెట్టడం మరిచిపోయాడు. పొద్దున వచ్చి చూస్తే చెడ్డ రన్‌లు గుట్టగా పడి ఉన్నాయి, మంచివాటికంటే ఎక్కువ. సరదాకి ఒకటి తెరిచాను. మేఘం బయటి అంచుకు కొట్టుకుని ఆగిపోయింది. ఇంకోటి తెరిచాను, అదీ అంతే. సాయంత్రం దాకా తెరుస్తూనే ఉన్నాను. ఒక్కటంటే ఒక్కటి వేరేచోట ఆగలేదు బాబాయ్. మన లెక్కలో గదికి గీసిన గీత దాటి మేఘం బయటికి పోబోతే ప్రోగ్రాముకు దిక్కు తెలియక ఆగిపోతుంది. అలా ఆగిన రన్‌ను చీపురు చెత్త అనుకుంటుంది. అంటే బయటికి పోయిన మేఘాలన్నిటినీ పారేసి, మిగిలినవాటిని చూపించి, ఆహా మేఘం బయటికి పోవడం లేదు అంటున్నాం. ఫెయిలైన పిల్లల పేర్లు కొట్టేసి, మా బడిలో నూటికి నూరు పాస్ అని గేటుకు బోర్డు కట్టుకున్నట్టుంది. నాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టయింది.

శని, ఆదివారాలు కూర్చుని గీత ఇంకా దూరంగా గీసి మళ్లీ నడిపాను. ఒక్కటీ మధ్యలో ఆగలేదు. బయటినుంచి కొట్టిన గింజల మేఘాలు దాదాపు అన్నీ బయటికే పోయాయి. అదే గింజను లోపలి అంచునుంచి కొట్టి చూశాను. పిలిచినట్టు మధ్యకు వచ్చి కూర్చుంది.

మొన్న సోమవారం ఇదంతా తీసుకెళ్లి మా హెడ్డుకు చూపించాను. ఆ మనిషి సంగతి నీకెప్పుడూ రాయలేదు. బత్తాయి తొనలు నములుతూ గింజలు టీ కప్పులో ఉమ్ముతాడు. తొనలు ఒలిచిన వేలే నాలికతో తడి చేసుకుని నా కాగితాలు తిప్పాడు. తిప్పిన ప్రతి పేజీ మూలా తడి మరక. చెడ్డ రన్‌లను చెడ్డవని ఊరికే అన్నామా, వాటిని పట్టుకుని మంచివాటిని అనుమానిస్తావేమిటమ్మా అన్నాడు. చెడ్డవి కావండీ, మనకు నచ్చనివి అన్నాను. నవ్వి, పళ్ల సందులో ఇరుక్కున్న పిప్పి గోటితో లాగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను చూశాను గానీ, నాలుగోది నరికి పారేసి మరీ మూడే అనేవాణ్ని ఇప్పుడే చూశాను. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకోవడానికి కూడా అసహ్యమేసింది. అక్కడే చెత్తబుట్టలో పడేసి కొత్త కాపీ తీసుకున్నాను.

మిగతావాళ్లు తక్కువ తిన్నారా అంటే లేదు. మా బొమ్మలాయన, అంటే వీడియోలు చేసే ఆయన, వచ్చే సోమవారం డిజైను ఖాయం చెయ్యడానికి కూర్చునే కమిటీ కోసం మేఘానికి గులాబీ రంగు వేసి, అది ముద్దుగా దొర్లుకుంటూ మధ్యకు చేరేలా బొమ్మ చేశాడు. ఇది ఏ రన్‌దయ్యా అంటే, అన్నిటిలోనూ అందంగా వచ్చిందాన్ని తీసుకున్నానండీ అన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. పక్క సీటు ఆవిడకు చెబితే, నువ్వు చెప్పింది నిజమే, నాకూ అనుమానంగానే ఉండేది అంది, చుట్టూ చూసి గొంతు తగ్గించి. అదే మాట మీటింగులో అంటావా అని అడిగితే టిఫిన్ డబ్బా కడుక్కోవాలని లేచిపోయింది. గోడమీద పిల్లులు. హెడ్డు కనీసం ఎదురుగా ఉమ్ముతాడు, వీళ్లు మింగేస్తారు. ఇంతకాలం వీళ్లతో కలిసి ఎలా తిన్నానా అని రోత పుడుతోంది.

మంగళవారం హెడ్డు సెలవు పెట్టాడు. బుధవారం వస్తూనే నన్ను పిలిచి, ఇక మేఘాల జోలికి వెళ్లకు, గోడ పలకలకు వేడి ఎంత తగులుతుందో ఆ లెక్క చూడు అన్నాడు. కొత్త రన్‌లు పెట్టడానికి నాకు అనుమతి కూడా తీసేశాడు. నా దగ్గర తీసి పెట్టుకున్నవి తప్ప ఇంకేమీ లేవు.

నాకింత తొందరెందుకో చెబుతాను. బిగింపు పనులు చూసే ఆవిడను అడిగాను. కమిటీ సోమవారం సంతకం పెడితే ఆ వారమే లోపలి గోడకు పలకలు బిగించేస్తారట. ఆ తరవాత మూత. మూత పడ్డాక లోపలికి వేలు కూడా దూరదు, ఎవరైనా తెరవాలంటే మళ్లీ ఏళ్లు పడుతుంది అంది. లోపలి గొట్టానికి చోటు ఉంచాలంటే ఇప్పుడే ఉంచాలి. లేదంటే ఇంతమంది ఇన్నేళ్లు కట్టిన యంత్రం, పెట్టిన ముద్ద పెట్టినట్టు ఊసే బిడ్డలా తయారవుతుంది. అప్పుడు వీళ్లంతా చేతులు కాలాక ఆకులు వెతుక్కుంటారు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. సోమవారం నువ్వు రావాలి. వచ్చి నాలుగు మాటలు చెబితే చాలు. నా మాట వాళ్లకు పిల్లకూత, నీ మాట శాసనం. చీపురు నీ రోజుల్లో పెట్టిందే అని వాళ్లు నీ మీదికి నెట్టబోతారు, నాకు తెలుసు. దానికి నువ్వు బాధపడకు. అప్పటి కంప్యూటర్లు ఎంతని, వాటి డిస్కులు ఎంతని. ఆగిపోయినవాటిని దాచడానికి చోటేది. గది ఇరుకైతే చెత్త పారేస్తాం, పారేసేదాంట్లో ఏముందో నీకు మాత్రం ఎలా తెలుస్తుంది. నాకు లెక్కలు నేర్పేటప్పుడు తప్పు చేసిన చోట రబ్బరు ముట్టుకోనిచ్చేవాడివి కాదు. తప్పు కనపడాలే, రేపు అదే నీకు పాఠం చెబుతుంది అనేవాడివి. అలాంటివాడివి తెలిసి ఎందుకు చేస్తావు. గొట్టానికి మన ఇంటిపేరు పోతే పోయింది. తన లెక్క తప్పని తనే వచ్చి చెప్పిన మనిషి అని నీ గురించి చెప్పుకుంటే, నాకు అంతకంటే గొప్ప ఇంకేం కావాలి. ఈ రోత అంతటిలో నాకు తలెత్తి చూడగలిగిన మనిషివి నువ్వొక్కడివే.

పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందా. నీకు షుగరు ఎక్కువై మాటలు మరీ తియ్యబడ్డాయని మీ వదిన వెక్కిరిస్తోంది, రాయమంది, రాశాను. వస్తే మా ఇంట్లోనే దిగాలి, గెస్ట్‌హౌస్ అంటే ఊరుకోను.

నీ జవాబు కోసం కాదు, నీ కోసమే చూస్తూ,
నీ గడుగ్గాయి

తా.క. శుక్రవారం పొద్దున. కవరు అంటించే ముందు, సోమవారం మీకు వీలవుతుందో లేదో కనుక్కుందామని ఇంటికి ఫోన్ చేశాను. మీరు నడకకు వెళ్లారట. పిన్ని ఎత్తింది. మీ హెడ్డు మంగళవారం మనింటికి వచ్చాడుగా, నీకు చెప్పలేదా అంది. సంచీడు పళ్లు తెచ్చాడట. మీ అమ్మాయి పాత చెత్తంతా తిరగేస్తోందండీ అని మొర పెట్టుకున్నాడట. పిన్ని టీ ఇస్తూ అక్కడే ఉందట. ఆ మేఘం బయటికే పోతుందని నాకు పాత యంత్రం నాడే తెలుసు, దాని కోసమేగా చీపురు పెట్టింది, మా పిల్ల మొండిది, మూత పడేదాకా దాన్ని వేరే పనిలో పెట్టు, తరవాత అదే చల్లబడుతుంది అని మీరు అన్నారట. పిన్ని ఇదంతా శుభవార్తలా చెప్పింది. ఆ గొడవల్లోంచి నిన్ను తప్పించమని మీ బాబాయే చెప్పారే, నీ గురించి ఆయనకు ఎంత ఆలోచనో చూడు అంది. నేను సరే పిన్నీ అన్నాను.

పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నిన్నటిదాకా మీరు నాకు ఎవరో మీరు చదవాలి. సోమవారం మీరు రానవసరం లేదు. నా దగ్గరున్న రన్‌లు కమిటీకి నేనే చూపిస్తాను. చీపురు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వాళ్లు అడిగితే, పాపం ఆయనకు తెలియదండీ అని మాత్రం చెప్పలేను.