మణిగాడు నాకిన చెవి

ఆగస్టు 6
ఏం తల్లీ డైరీ, బాగున్నావా? రెండు నెలలు నీ మొహం చూడలేదు, కోపం తెచ్చుకోకు. ఆసుపత్రిలో ఫోను ముట్టనివ్వలేదు. ఇంటికొచ్చాక టైపు చేద్దామంటే తల తిరుగుడు. కుడి చెవికి వినికిడి పోయింది. ఎడమది సగం. అంతే సంగతి.

ఆగస్టు 7
డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది — కుక్క నోట్లోని క్రిములు, చెవిలో పాత చిల్లు, అందులోంచి మెదడు పొరల దాకా. ఆ చిల్లు చిన్నప్పటిది. చీము కారినప్పుడల్లా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేది... వేడి చూడటానికి ముందు తన మణికట్టు మీద ఒక చుక్క. నేనూ మానలేదు.
మా కుక్క మణిగాణ్ణి తమ్ముడు ఇందుకూరుపేట తీసుకెళ్ళాడు. మా ఆయన పట్టు. "నీ చెవి తినేసినాడు. ఇంక ఈ గడప తొక్కకూడదు."

ఆగస్టు 9
జువ్వలదిన్నె రేవు. మళ్ళీ చేపల వేలానికి. ఒకప్పుడు కోటయ్య మామ వేలం పాట పాడుతుంటే ఆయనకి వీపు పెట్టి, మొప్పలు ఎత్తి చూసుకుంటూ, ధర కుదరగానే చెయ్యి లేపేదాన్ని. "కళ్ళు చేపల మీద, చెవులు నా మీద!" అని నవ్వేవాడు. మణిగాడు నా కాళ్ళ దగ్గర.
ఇవాళా వీపు పెట్టే నిలబడ్డాను. అలవాటు. గంప ఎవరో ఎత్తుకుపోయాక తెలిసింది, పాట అయిపోయిందని. మామ ఎదురుగా వచ్చి అరిచాడు — "ఏందిమే, మూడుసార్లు పిలిచినా! ఇటు తిరిగి నా నోరు చూడు. సిగ్గుపడితే చేప రాదు."
తిరిగాను. నెత్తళ్ళు దక్కాయి.

ఆగస్టు 10
నెత్తళ్ళు ఎండబోశాను. కాకుల్ని తోలే మణిగాడు లేడు. అరుస్తున్నాయేమో, నాకేం తెలుసు.

ఆగస్టు 12
ఎవరికీ చెప్పని మాట. నిద్రలో వాడే వచ్చి నాకాడని మా ఆయన అనుకుంటున్నాడు. కాదు. మధ్యాహ్నం చాప మీద పక్కకి తిరిగి, నూనె పోసుకుని, "రారా మణీ" అని నేనే పిలిచేదాన్ని. కారిన నూనె వాడు నాకుతుంటే దురద తీరి హాయిగా నిద్ర. ఆరేళ్ళు.
డాక్టరమ్మ ఆ రోజు రాసినదాని కిందనే ఇంకోటి రాసింది — నూనె వద్దు, చెవి నాకనివ్వకపోతే చాలు, కుక్కని ఉంచుకోవచ్చు. ఆ కాగితం ఆయనకి చూపలేదు. ఎందుకు నాకనిచ్చావని అడిగితే? కాగితం బియ్యం డబ్బాలో ఉంది.

ఆగస్టు 13
తమ్ముడు వీడియో కాల్. "అక్కా, అన్నం ముట్టడంల్యా." మణిగాడు ముక్కు తెరకి ఆనించి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఎడమ చెవికి ఫోను నొక్కిపెట్టాను. ఒక్క మొరుగు వినపడింది... అనుకున్నానో ఏమో.
కాగితం తీసి మా ఆయన చేతిలో పెట్టాను. "నేనే పిలిచేదాన్ని" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియదు.
మంచం మీద కూర్చుని చదువుతున్నాడు. రెండోసారి. ఇది టైపు చేస్తూ ఆయన నోరే చూస్తున్నాను. ఇంకా కదల్లేదు.
మణీ... ఎప్పుడు కలుద్దాంరా మనం?