నాగపంచమి నాడు నాటిన చెరకు

శనివారం, భోజనాల విరామం
చక్కెర కార్ఖానా వ్యవసాయ ఆఫీసు, కొల్హాపూర్ జిల్లా

ఈశ్వరి వాళ్ళ నాన్నగారికి,

కాంచన నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా. అక్కడ మంచు కొండల మీద మీరూ, మీ తోటి జవాన్లూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. కులాసా అని రాశాను గానీ నా మటుకు అది పూర్తి నిజం కాదు. ఒంట్లో ఏమీ లేదు, కంగారు పడకండి. కాలు ఒకచోట నిలవడం లేదు, అంతే. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. ఈశ్వరి ముందరి పన్ను ఊడింది. నాన్న వచ్చేదాకా రాకూడదని కొత్త పన్నుకు ఆజ్ఞ ఇచ్చింది మీ కూతురు. బోరు మోటారు కాలితే మళ్ళీ తీగ చుట్టించాం, నీళ్ళకు లోటు లేదు. అత్తయ్య మోకాలు అలాగే ఉంది. తన మోకాలికి నూనె రాయించుకోరు గానీ వీధిలో అందరి మోకాళ్ళకూ మందు చెప్తారు. మామయ్య రోజూ పొద్దున్నే తోటకు వెళ్ళి, చెయ్యెత్తినా చెరకు కొస అందడం లేదని సంతోషంగా తిరిగొస్తారు. మీకు సెలవు మంజూరైందని, ఈ నెల ఇరవై ఐదో తారీఖుకు బయల్దేరుతున్నారని నిన్న మీ యూనిట్ నుంచి కబురు అందింది. ఆ సెలవు సంగతే అసలు రాయాలి. ఇంకొంచెం ఆగండి, ధైర్యం కూడగట్టుకోనివ్వండి.

ఇక మీ ఎగతాళి ప్రశ్న. ‘బటను నొక్కితే కాగితం బయటికొస్తుంది కదా, రోజంతా ఆఫీసులో ఏం చేస్తావు?’ అని రాశారు. తుపాకీ నొక్కితే గుండు బయటికొస్తుంది కదా, ఏడాది పొడుగునా అక్కడేం చేస్తున్నారని నేను అడిగానా? చెప్తాను వినండి.

ఈ ఏడు కార్ఖానాకు కొత్త ప్రోగ్రాము వచ్చింది. పద్నాలుగు ఊళ్ళ రైతుల పేర్లు, పొలాల నంబర్లు, చెరకు నాటిన తేదీలు అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. ముందు నాటినవాళ్ళకు ముందు కోత. ఆ వరసన జాబితా తీసి ఊరూరా బోర్డుల మీద అంటించడం నా పని. కటింగ్ ఆర్డర్లు ఆ వరసలోనే వెళ్తాయి. సోమవారం బటను నొక్కాను. కాగితం రాలేదు. ఐదుసార్లు నొక్కాక, చెరకు బండ్లు తూచే కాటా గది నుంచి బాజీరావు ఫోన్ చేశాడు.

“వదినా, ఇక్కడ మా మిషను దానంతటదే కాగితాలు కక్కుతోంది. మేం చెరకు తూస్తాం గానీ కాగితాలు తూయం. వచ్చి పట్టుకుపో!”

ఆ రిపోర్టు తయారుచేసిన మహానుభావుడు కాటా గది ప్రింటరు పేరు అందులోనే పెట్టి పోయాడు. మార్చాను. ఈసారి నా ప్రింటరు మీదే వచ్చింది గానీ, ఒక పేజీ నిండుగా, ఒక పేజీ ఖాళీగా. తెల్ల కాగితాలు చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ. పోనీ పీడీఎఫ్ చేద్దామంటే, మన అక్షరాలు ఆ ఫైలులోకి ఎక్కక పేర్లన్నీ చిన్న చిన్న డబ్బాలయ్యాయి. మా అధికారి ఖాడే సాహెబ్ కళ్ళజోడు పైకి తోసి, “ఏమ్మా, రైతులు చెరకు వేశారా, డబ్బాలు వేశారా?” అన్నారు.

దాంతో అడ్డదారి తొక్కాను. రిపోర్టును షీటులోకి ఎగుమతి చేసి, అక్కడే తేదీల వరస కట్టి, అక్కడి నుంచే ప్రింటు తీశాను. పేర్లు చక్కగా వచ్చాయి. ఖాళీ పేజీ ఒక్కటీ లేదు. సాహెబ్ శభాష్ అన్నారు. మంగళవారం పొద్దున్న జాబితాలో మామయ్య పేరు తొమ్మిదో వరసలో కనబడింది. మొదటి వారంలోనే మన కోత! వెంటనే మీ యూనిట్‌కు ఫోన్ చేసి, సెలవు ఆ వారానికే అడగమని మీకు కబురు పెట్టాను.

బుధవారం జాబితాలు ఊళ్ళకు వెళ్ళాయి. ఆ మధ్యాహ్నమే, మనం పిన్నిలా చూసుకునే గట్టు అవతలి హౌసా కాకూ ఆఫీసుకు వచ్చింది. దసరా వానలకు ఆవిడ చెరకు మొత్తం పడిపోయింది, మీకు రాశాను కదా. ఎలుకలు కింది కణుపులు కొరికేస్తున్నాయి. భర్త పోయాక ఆ ఎకరన్నరే ఆవిడకు ఆధారం. వచ్చి కుర్చీలో కూర్చోలేదు. నా బల్ల పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

“పిల్లా, నా పేరు ఆఖరి కాగితంలో ఉందంట. ఎవరికైనా నా మీద కోపమొచ్చిందా? నేనెవర్నీ ఏమీ అన్లేదే.”

“కోపం కాదు కాకూ. మిషను అట్లా ఇచ్చింది.”

“మిషనుకు తెలుస్తుందిలే,” అని నా తల నిమిరి వెళ్ళిపోయింది. భోజనం డబ్బా విప్పి, జొన్నరొట్టె భాక్రీ ముట్టకుండానే మళ్ళీ మూసేశాను.

గంట కొట్టారు. మిగతాది ఇంటికి వెళ్ళి రాస్తాను.

ఆదివారం ఉదయం

నిన్న ఇంట్లో రాయలేకపోయాను. కాగితం తియ్యడం, మళ్ళీ దిండు కింద పెట్టడం. ఇప్పుడు అత్తయ్య గుడికి వెళ్ళారు, ఈశ్వరి ఆటలో ఉంది.

గురువారం ధోండిబా తాత్యా వచ్చాడు. గుర్తున్నాడుగా, పెద్ద తలపాగా, అంతకన్నా పెద్ద గొంతు. గడప దాటకముందే అందుకున్నాడు.

“ఎవడు రాశాడు రా ఈ జాబితా? ఎవడి చేతులవి?”

ఖాడే సాహెబ్ లేచి, “కూర్చో తాత్యా, టీ తాగు. ఏమైంది?” అన్నారు.

“టీ నీ దగ్గరే పెట్టుకో. నేను చెరకు ఆగస్టు తొమ్మిదిన నాటానని రాశారు. పోయినేడు ఆ రోజు నాగపంచమి! మా ఇంట్లో ఆ రోజు కూరకు కత్తి పెట్టం, పొయ్యి మీద పెనం పెట్టం. అలాంటిది నేను నేల తవ్వించానా? పుట్టలో పాము పిల్లల మీద నాగలి తోలానా? ఊరంతా బోర్డు దగ్గర నిలబడి నవ్వుతున్నారు!”

“మరి ఎప్పుడు నాటావు?”

“సెప్టెంబరు ఎనిమిదిన. మీ ఫీల్డుమన్ వచ్చి రాసుకెళ్ళాడు కూడా.”

సాహెబ్ కాగితం చూసి, నవ్వి, గొంతు తగ్గించారు. “తాత్యా, నెల రోజులు ముందుకొచ్చావు. నీకు లాభమే కదా. ఊరుకో.”

ఆ ముసలాయన మొహం చూడాల్సింది. కోపమంతా పోయి ఒక్కసారిగా చిన్నబోయింది.

“ఊరుకోడానికి నేనేమన్నా దొంగనా సాహెబ్? నాకంటే ముందు నాటినోడి వరస తిని నేను కోయించుకుంటానా? నా పేరు కిందికి దింపు. నాగపంచమి కొట్టెయ్. ఆ రెండూ చేస్తే టీ తాగుతా.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తెర మీద తాత్యా పేరు తెరిచి చూపించాను. ప్రోగ్రాములో ఆయన తేదీ సరిగ్గానే ఉంది: ఎనిమిదో తారీఖు, తొమ్మిదో నెల. షీటులోకి వెళ్ళేసరికి తొమ్మిదో తారీఖు, ఎనిమిదో నెల అయింది. కొత్త కంప్యూటరు పెట్టినవాళ్ళు తేదీల పద్ధతి మార్చకుండా వదిలేశారు. అందులో నెల ముందు, రోజు తరవాత. పన్నెండు లోపు తారీఖులన్నీ అలా తిరగబడ్డాయి. పన్నెండు దాటినవి తిరగబడడానికి అన్ని నెలలు లేవు కదా, వాటిని అసలు తేదీలే కావని షీటు అడుగుకు తోసేసింది. హౌసా కాకూ నాటింది జులై ఇరవై ఒకటిన. అందుకే ఆఖరి కాగితం. మీరు నాటింది ఆగస్టు మూడున. అది మార్చి ఎనిమిది అయి కూర్చుంది. అందుకే తొమ్మిదో వరస.

ఇక్కడితో ఆపేసి, తప్పు దొరికింది, దిద్దేశాను అని రాస్తే మీరు నమ్ముతారు. మెచ్చుకుంటారు కూడా. కానీ అది నిజం కాదు. ఆ తప్పు నేను గురువారం కనుక్కోలేదు. మంగళవారమే చూశాను.

మామయ్య పేరు పక్కన మార్చి ఎనిమిది అని చూసిన క్షణమే తెలిసింది. తెలియకపోవడం ఎలా? ఆగస్టు మూడున మోకాలి లోతు బురదలో మీరు చెరకు ముచ్చెలు నాటుతుంటే, భాక్రీ మూట పట్టుకుని గట్టు మీద నిలబడింది నేనే కదా. ఆ మర్నాడే మీ సెలవు అయిపోయింది. తప్పని తెలిశాకే మీ యూనిట్‌కు ఫోన్ చేశాను. ఇదివరకు మీరు నాటిన రెండు పంటలూ మీరు లేకుండానే కోతకు వెళ్ళాయి. ఈసారైనా మీ చేత్తో మొదటి గడ నరకాలని, ఆ పూట మీరు ఇంట్లో ఉండాలని ఆశపడ్డాను. సాయంత్రానికి దిద్దుదాం అనుకున్నాను, రేపు అనుకున్నాను. కాకూ వచ్చి అడిగినప్పుడు కూడా, మిషను ఇచ్చింది అన్నాను. మిషను ఇచ్చింది ఒక్క తప్పే. మిగతా రెండు రోజులూ నావి. తన వరస కిందికి దింపమని ఆ ముసలాయన కర్ర పట్టుకుని పోట్లాడుతుంటే, నా బల్ల కింద దూరాలనిపించింది.

తాత్యా వెళ్ళాక సాహెబ్‌కు చెప్పాను. “నాకు మంగళవారమే తెలుసు సార్. మా తోట ముందుకొచ్చిందని నోరు మూసుకున్నాను.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టినా బాగుండేది. చివరికి, “అంటించిన జాబితాలు నువ్వే వెళ్ళి చింపు. కొత్తవి నువ్వే అంటించు. పద్నాలుగు ఊళ్ళూ,” అన్నారు.

ఆ పూటంతా కూర్చుని, మొదటే చేయాల్సిన పని చేశాను. షీటు జోలికి పోకుండా ప్రోగ్రాములోనే అసలు తేదీల మీద వరస కట్టాను. రిపోర్టు వెడల్పు కాగితం కన్నా అర అంగుళం ఎక్కువుందని కొలిచి కనుక్కున్నాను. ఆ కాస్త అంచే పక్కకు ఒలికి ఖాళీ పేజీ అవుతోంది. ఒక గడి సన్నం చేస్తే పోయింది. అక్షరాలు కూడా ఫైలులోనే చేర్చి పంపే ఏర్పాటు ఉంది, ఒక్క టిక్కు పెడితే చాలు. డబ్బాలు పేర్లయ్యాయి. మొత్తం మూడు గంటల పని. ఆ మూడు గంటలకు బద్ధకించి తెచ్చుకున్న తలనొప్పి ఇదంతా.

శుక్రవారం బాజీరావు బండి మీద పదమూడు ఊళ్ళు తిరిగాను. మన ఊరు ఆఖరున పెట్టుకున్నాను. బోర్డు దగ్గర మామయ్య, ఇంకో పదిమంది ఉన్నారు. పాత కాగితం చింపుతుంటే మామయ్య అడిగారు, “ఏం చేస్తున్నావే? మన పేరు దాని మీదే ఉంది కదా?”

“అది తప్పు మామయ్యా. మనది రెండు వందల పదహారు. డిసెంబరు ఆఖరుకు గానీ రాదు.”

“ఎవరు కనిపెట్టారా తప్పు?”

“చేసింది నేనే. దాచింది కూడా నేనే.”

అందరి ముందూ అన్నాను. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. “మన దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయి,” అని ఇంటిదారి పట్టారు. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. కానీ ఈ పొద్దున నేను చూడట్లేదనుకుని నా చెప్పు తెగిన పట్టీ కుట్టి గుమ్మం దగ్గర పెట్టారు.

హౌసా కాకూకు చదువు రాదు. కొత్త కాగితం మీద ఆవిడ వేలు పట్టుకుని మొదటి పేజీలో ఆవిడ పేరు మీద ఆనించాను. మిషను కాదు కాకూ, నేనే, అని మొత్తం చెప్పాను. ఆవిడ వేలు తీయలేదు. “మొగుడి కోసం చేశావా?” అంది. అవునన్నాను. “నా మొగుడుంటే నేనూ చేసేదాన్నేమో. అయినా చెయ్యకూడదే పిల్లా,” అంది. ఆ మాట రెండు రోజులుగా నా వెంట తిరుగుతోంది.

కాబట్టి సంగతి ఇదీ. మీరు వచ్చేనాటికి మన చెరకు నిలబడే ఉంటుంది. కోత చూడకుండానే తిరిగి వెళ్ళిపోతారు. దొంగ కబురు పంపి మీ సెలవు ఖర్చు చేయించాను. కోపం వస్తే రాయండి, కానీ సెలవు మాత్రం రద్దు చేసుకోకండి. నాకు మిమ్మల్ని చూడాలని ఉంది. అబద్ధం చెప్పడానికి కారణం కూడా అదే.

ఇంకొక్క మాట. హౌసా కాకూ కోత ఇరవై ఎనిమిదిన, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు. పడిపోయిన చెరకు కొయ్యడానికి కూలీ ముఠాలు విసుక్కుంటాయి, మొదలు దగ్గర నరకకుండా సగం వదిలేస్తాయి. ఎవరో ఒకరు పక్కన ఉండి నరకాలి. మీ చెరకు కత్తి అటక మీద నుంచి తీసి నిన్న పదును పెట్టించాను. అత్తయ్య చూసి, “మనకింకా నెల ఉంది కదే, ఇప్పుడెవరి తోటకి?” అన్నారు. చెప్పాను. మామయ్య విననట్టు కూర్చున్నారు గానీ, కాసేపటికి లేచి తన కత్తి కూడా తెచ్చి దాని పక్కన పెట్టారు.

ఇట్లు,
మీరు వచ్చేదాకా నిలకడ లేని,
ఈశ్వరి అమ్మ
కాంచన